నాంపల్లిలో నేను రాసిన దరఖాస్తు

మొన్న మా మనవడు నన్ను అబిడ్స్‌లో కళ్లజోళ్ల దుకాణానికి తీసుకువెళ్లి కారు ఆపీ ఆపకముందే, ఎవరో వచ్చి పార్కింగు చీటీ చేతిలో పెట్టాడు. మనవడు అడిగినంత డబ్బిచ్చేశాడు గాని, ఎనభై అయిదు దాటిన నా పిడికిలి మాత్రం దానంతటదే బిగుసుకుంది. అది డెబ్బై ఏళ్లనాటి పగ.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన నాలుగైదేళ్లకు, నాంపల్లి స్టేషను దగ్గర ఒక పాత మేడ కింది గదిలో మా పెదనాన్న చిన్న సేవా సంఘం నడిపేవారు. ఆయన ఉర్దూ పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. చదువురాని వాళ్లకు ఉత్తరాలు, సర్కారు కచేరీలకు దరఖాస్తులు ఊరికే రాసిపెట్టి, రాసింది చదివి వినిపించి వేలిముద్ర వేయించడం మా పని. హిమాయత్‌నగర్ నుంచి ఆయన, కోఠి నుంచి, అఫ్జల్‌గంజ్ నుంచి మరో పదిమంది సైకిళ్ల మీద వచ్చేవారు. నేను మాత్రం పక్క వీధి నుంచి నడిచి వెళ్లేదాన్ని. అప్పట్లో కచేరీల్లో అంతా ఉర్దూయే, నాకది బాగా వచ్చు గనుక పెదనాన్న నాకూ ఒక బల్ల ఇచ్చారు.

ఆ గది ముందున్న ఖాళీ జాగాను ఒక గుత్తేదారు హర్రాజు వేలంలో గుత్తకు పాడుకుని, చుట్టూ తాడు కట్టి, సైకిలు నిలిపితే రోజుకు అణా ఇవ్వాలన్నాడు. మావాళ్లంతా చిన్న జీతాల గుమాస్తాలు, బడిపంతుళ్లు. ఒకరి తర్వాత ఒకరు సగం మంది మొహం చాటేశారు. గుత్త మోటార్లకూ టాంగాలకూ మాత్రమే గాని సైకిళ్లకు కాదని పెదనాన్న కచేరీలో కనుక్కుని వచ్చి, కట్టనన్నారు. ఆ మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి ఆయన సైకిలుకు గొలుసు.

"పుణ్యం జేసెటోనికి అణా బరువైందా పంతులూ? పైసలు పెట్టు, లేకుంటే సైకిలు గీడనే ఉంటది" అన్నాడు గుత్తేదారు, పదిమంది చూస్తుండగా. ఆయన దగ్గర చదువుకున్న దుకాణదారులే ఆ పదిమందీ. పెదనాన్న ఆ ఎండలో హిమాయత్‌నగర్ దాకా నడిచి వెళ్లిపోయారు. మళ్లీ సంఘం గడప తొక్కలేదు. మిగిలినవాళ్లమే దాన్ని నడిపాం. కాళ్ల నొప్పులని చెప్పేవారు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. వాడి పేరు తలుచుకోకుండా నేను అన్నం ముట్టిన రోజు లేదు.

ఏడాది తిరిగేసరికి వాడే నా బల్ల ముందుకు వచ్చి కూర్చున్నాడు. నేనెవరి బిడ్డనో వాడికి తెలియదు. "జర మంచిగ రాయి బిడ్డా, గుత్త మళ్ల నాకే రావాలె" అన్నాడు. రాశాను. సైకిళ్ల మీద హక్కు లేకపోయినా వసూలు చేశానని, ముసలి పంతులు సైకిలుకు గొలుసు వేశానని, మళ్లీ గుత్త ఇస్తే ఇదే పని చేస్తానని, వాడి నోటితో చెప్పినట్టే చక్కటి ఉర్దూలో రాశాను. చదివి వినిపించమంటే, కాగితం వంక చూస్తూ వేరే తియ్యటి మాటలు చదివాను. వాడు మురిసిపోయి వేలిముద్ర వేసి, దాన్ని తన చేత్తోనే కచేరీకి మోసుకుపోయాడు.

అక్కడ దాన్ని పైకి చదివి అందరూ పడీపడీ నవ్వారట. గుత్త పోయింది, తాడూ పోయింది. ఆ రాత్రి నాకు పట్టినంత హాయి నిద్ర మళ్లీ ఎన్నడూ పట్టలేదు.

పరుగున వెళ్లి పెదనాన్నకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"చదివి వినిపించినవా?" అని ఒక్కటే అడిగారు.

ఔనని, వేరే మాటలు చదివానని చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

గుత్తేదారు ఊరుకోలేదు. "ఆడ రాసేదొకటి, సదివేదొకటి" అని వీధి వీధీ తిరిగి చెప్పాడు. కొడుక్కు నెలనెలా నాచేత ఉత్తరం రాయించుకునే కూరగాయలామె, నేను చదివింది విని, తలూపి, ఆ కాగితం పట్టుకుని ఎదుటి దుకాణంలో మళ్లీ చదివించుకోవడం కిటికీలోంచి చూశాను. తర్వాత ఆమె కూడా రాలేదు. అణా వసూలున్నప్పుడు సగమైనా మిగిలిన సంఘం, ఆ వసూలు పోయిన మూడు నెలలకు మూతపడింది.

వాడి మీద జాలి మాత్రం నాకు ఈనాటికీ లేదు. కాని తరవాత చూపు మందగించిన మా పెదనాన్న, నేను వెళ్లి పక్కనే కూర్చున్నా, పొరుగింటి అబ్బాయిని పిలిచి పత్రిక చదివించుకునేవారు. ఇప్పుడు ఆ వీధుల్లో చదువురాని వాళ్లు తక్కువ, ఒకరిచేత రాయించుకునే అవసరమూ ఎవరికీ లేదు. ముక్కూమొహం తెలియని పంతొమ్మిదేళ్ల పిల్ల చదివింది నమ్మి బొటనవేలు చాపే మనుషుల కాలం మాత్రం ఒకటి ఉండేది, నేను అందులోనే బతికాను.