మచ్బూస్ వండింది ఎవరు? తుబ్లీలో ఒక శుక్రవారం

బహ్రెయిన్ గురించి రాయమంటే అందరూ బంగారం కొట్లూ, సముద్రమూ రాస్తారు. నేను తుబ్లీలో ఒక కార్ల షెడ్డు మీది గది గురించి రాస్తాను. తొంభైల మధ్యలో మా ఆయన మామీర్‌లో వెల్డింగ్ ఫోర్‌మన్. నేను విజిట్ వీసా మీద వెళ్ళి, అద్దె గదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఒక గురువారం మా పెదనాన్నగారి అమ్మాయి నూకరత్నం అక్క ఫోన్ చేసింది. అక్క అప్పటికే కొన్నేళ్ళుగా మనామాలో ఒక పెద్దింట్లో వంట చేస్తోంది. "ఒసేయ్ పద్మా, నన్ను సినిమా తీశారే! ఇంగ్లీషొచ్చిన తెలుగోళ్ళు కావాలంటంది ఆ డైరెక్టరమ్మ. ఎందుకో నాకు తెలీదు. రేపు తుబ్లీ వచ్చెయ్, మేడంని అడిగి నేనూ వస్తా" అంది. మా అక్క సినిమాలోనా! అలాంటి కబురు విన్నాక ఇంట్లో కాలు నిలుస్తుందా?

మామీర్ నుంచి తుబ్లీకి బస్సయితే చవకే, కానీ శుక్రవారం దానికోసం ఎండలో నిలబడితే అప్పడంలా వేగిపోతాం. అందుకని మా ఆయన తెలిసినవాళ్ళ పికప్ ఒకటి మాట్లాడి, అర దినారుకి కుదిర్చారు. ఎక్కుతూ, "ఏవండీ, ఈ నిద్రమొహం మనిషి నన్ను సరిగ్గా చేరుస్తాడా?" అన్నాను తెలుగులో, ధైర్యంగా. డ్రైవరు వెనక్కి తిరిగి, "నైట్ డ్యూటీ జేసొచ్చిన అక్కా. నిద్రమొహం గాక పెండ్లిమొహం యాడికెళ్ళొస్తది?" అన్నాడు. ఆయనది జగిత్యాల. నా తల కొట్టేసినట్టయింది. పక్కూరు నువైద్రాత్ దాటేలోపు ఆయనే నవ్వేసి, గల్ఫ్‌కొచ్చి ఎన్నేండ్లయిందో, ఊళ్ళో ఇల్లెక్కడి దాకా లేచిందో అన్నీ చెప్పాడు. దారి అరగంట కూడా పట్టలేదు.

షెడ్డు పక్క ఇనుపమెట్లెక్కితే గది. లోపల రెండు టీవీలు, క్యాసెట్ల గుట్టలు, ఏసీ చప్పుడు. మా అక్క ఆకుపచ్చ పట్టుచీర కట్టి, ఎవరిదో గొలుసు వేసుకుని, మొహానికి పౌడరు దట్టించి కూర్చుంది. సినిమా అన్నారు కదా మరి! పక్కనే నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ కాఫీ కాస్తోంది. పేరు అనూష్, అర్మేనియా దేశస్థురాలు. మా అక్కకి మాత్రం అనూషమ్మ. ఇద్దరూ బహ్రెయిన్‌లో నేర్చుకున్న అరబ్బీ ముక్కలతోనే అన్నీ మాట్లాడేసుకుంటారు.

కాఫీ తాగుతూ నాకు ఇంగ్లీషులో తన కథ చెప్పింది. తండ్రి సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడట. ఆ గదిలోనే పెరిగి, మాస్కోలో సినిమా చదువు చదివింది. తర్వాత చాలా ఏళ్ళు వేరే డైరెక్టర్ల సినిమాలకు ఎడిటింగ్ చేసింది. "కత్తిరించింది నేను, పేరు వాళ్ళది" అంది మామూలుగా. చివరికి సొంతంగా రెండు సినిమాలు తీసింది, ఒకటి నేరేడంత నల్లటి ద్రాక్షపళ్ళు కోసే ఆడవాళ్ళ మీద. ఇంతలో సోవియట్ దేశం ముక్కలైంది. ఊళ్ళో రోజుకి గంటో రెండు గంటలో కరెంటు, స్టూడియోలో ఫిల్ము లేదు. మనామాలో ఫొటో స్టూడియో నడిపే మేనత్త రమ్మంటే వచ్చేసింది. ఇక్కడ పెళ్ళిలో ఆడవాళ్ళ వైపు మగవాడు కెమెరా పట్టుకుని అడుగు పెట్టకూడదు. అలా డైరెక్టరమ్మ పెళ్ళి వీడియోలు తీయసాగింది. అలాగే మేడం ఇంట్లో పెళ్ళికి వెళ్ళి, అక్కడే మా అక్క వంట చూసి, మేడంని అడిగి వంటగదిని కెమెరాకెక్కించింది. మూడో సినిమా అదే. యూరప్‌లో ఒక టీవీ వాళ్ళు తీసుకుంటామన్నారట.

తెలుగు మాటలన్నిటికీ ఇంగ్లీషు చెప్పమని నన్నడిగి, టీవీ వేసింది. తెర మీద అక్క పాత నైటీలో, కొంగులా తువ్వాలు బిగించి, మచ్బూస్ వండుతోంది. మాంసం, మసాలాలు వేసి వండే అక్కడి అన్నం అది. "అయ్యో, నా అవతారం! పట్టుచీర కడతానంటే వద్దందే" అని అక్క తల బాదుకుంది. తెరలో అక్క గరిటె తిప్పుతూ తెలుగులో మొదలెట్టింది. "మా మేడం మధ్యాన్నందాకా నిద్ర లేవదు. చుట్టాలొస్తే 'నా చేత్తో వండాను, తినండి' అంటది. ఆ చెయ్యి పొయ్యి మొహమే చూళ్ళేదు!" అని మేడంలా మూతి తిప్పి చూపించింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఇంగ్లీషులో చెబుతున్నాను, అనూష్ రాసుకుంటోంది.

అక్క నా భుజం పట్టుకుంది. "ఏంటే, అవి కూడా చెబుతున్నావా?"

"బొమ్మ కింద అక్షరాలు వేస్తారంట అక్కా. అందరికీ తెలియడానికి."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. "తెలుగు ఎవడికొస్తదిలే అని వాగానే! మేడం చూసిందంటే నా పని ఖలాస్. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరుంది. ఇంకా రెండేళ్ళు నేనిక్కడ చెయ్యాలే!"

నేను చెబితే అనూష్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. ఆ ముక్క లేకపోతే సినిమాయే లేదు, అది నాకే తెలుస్తోంది. తర్వాత లేచి క్యాసెట్ బయటికి తీసి, అక్క చేతిలో పెట్టింది. "పెళ్ళి క్యాసెట్ పెళ్ళికూతురి చేతికే ఇస్తాను. నకలు ఉంచుకోను. నీ క్యాసెట్టూ అంతే" అని నాతో చెప్పించింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మాట మాత్రం వణకలేదు. అక్క దాన్ని పట్టుచీర కొంగులో చుట్టుకుని మెట్లు దిగింది.

రెండేళ్ళూ ఆ క్యాసెట్ మేడం ఇంట్లోనే, బియ్యం డబ్బాలో ఉంది! ఊరికి వచ్చేసే రోజు మేడమే కారులో ఎయిర్‌పోర్టుకి బయల్దేరదీసిందట. అక్క దారిలో ఫొటో స్టూడియో దగ్గర కారాపించి, "సొంతూరెళుతున్నా, అనూషమ్మకి మిఠాయి ఇచ్చొస్తా" అని స్వీటు డబ్బా కింద క్యాసెట్ పెట్టి ఇచ్చేసింది. మేడం కారులో కూర్చుని చూస్తూనే ఉంది. ఆ ధైర్యం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకో ఏడాదికి పోస్టులో సినిమా వచ్చింది. కాకినాడలో మా ఇంట్లోనే చూశాం. కింద ఇంగ్లీషు అక్షరాలు నేను చెప్పినవే. చివర్లో అనూష్ పేరు కంటే ముందు, పెద్దక్షరాల్లో ఒక వరుస వచ్చింది. చదివి చెప్పాను: "వంట: నూకరత్నం." అక్క మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను. "మేడం చూసుంటదంటావా?" అంది. భయపడుతోందనుకుని, చూసుండదులే అన్నాను. "చూస్తే బాగుణ్ణే" అంది.

ఎన్ని ఊళ్ళు తిరిగినా నాకు ఆ గదే గుర్తొస్తుంది. మీరు బహ్రెయిన్ వెళితే ఎవరో ఒకరు మచ్బూస్‌కి పిలవకుండా ఉండరు. కడుపునిండా తినండి. చెయ్యి కడుక్కునే వంకతో వంటగది గుమ్మం దాకా వెళ్ళి, వండినవాళ్ళ పేరు అడిగి రండి.