వినపడనివారికి వెంటనే ఫోన్ చేయాలి

మా షాపులో చెవి మిషన్లు అమ్ముతాం. అమలాపురంలో గడియార స్తంభం దాటాక ఒక బట్టల కొట్టు మీద, మొదటి అంతస్తులో ఉంటుంది. వినికిడి పరీక్ష చేసేది నేను, నా పేరు ఎలీసమ్మ. కౌంటరులో కూర్చుని అమ్మకాలు చూసేది నాగదుర్గ. ఇది ఆవిడ కథ. నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, కోపం తప్ప.

ఆ కోపానికి కారణం ఒక యాప్. అమలాపురం, రాజోలు, కొత్తపేట బ్రాంచీల వాళ్లందర్నీ కలిపి, రాజమండ్రిలో ఉండే మా మేనేజరు యశ్వంత్ గారు అందులో ఒక గ్రూపు పెట్టారు. ఫోన్లో మా ప్రకటన చూసి ఎవరైనా పేరు, ఊరు, నంబరు నింపి పంపితే చాలు, ఆ క్షణమే మా అందరి ఫోన్లూ టింగుమంటాయి. అలా వచ్చిన మనిషిని లీడ్ అంటారు. పేరు పక్కనే ‘నాది’ అని ఒక బటన్ ఉంటుంది. ముందు ఎవరు నొక్కితే ఆ మనిషి వాళ్లకి చెందుతాడు. నొక్కినవాళ్లు ఐదు నిమిషాల్లో ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే పేరు ఎర్రబడుతుంది, దాన్ని చూసి యశ్వంత్ గారు కూడా ఎర్రబడతారు.

ఈ పద్ధతి ఫ్లాట్లు అమ్మేవాళ్ల దగ్గర బ్రహ్మాండంగా పనిచేసిందట. కాదనను. ఫ్లాటు కొనేవాడికి చెవులు పనిచేస్తాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లు వినపడటం లేదనే వస్తారు. అలాంటివాళ్లకి పరుగున ఫోన్ చేసి ఏం మాట్లాడతామని ఒక మీటింగులో అడిగాను. యశ్వంత్ గారు చాలా మంచి పాయింటన్నారు, రాసుకున్నారు కూడా. అప్పటిదాకా పది నిమిషాలున్న గడువు ఆ మర్నాడే ఐదుకి తగ్గింది.

కొత్తపేట బ్రాంచిలో శ్యామ్ బాబుకి మాత్రం ఈ యాప్ బాగా అచ్చొచ్చింది. పేరు కనపడగానే నొక్కేస్తాడు, ఆ వెంటనే ఫోన్ చేసి గొంతు చించుకుంటాడు. అతను చెప్పేది కొత్తపేట సెంటరంతా వింటుంది, అవతల ఫోన్ పట్టుకున్న మనిషి తప్ప. నాగదుర్గ అలా కాదు. ముందు పెద్ద అక్షరాలతో తెలుగులో మెసేజ్ పెడుతుంది. తర్వాత రూలుంది కాబట్టి ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. ఆవిడ మెసేజ్ పెట్టినవాళ్లలో చాలామంది మెట్లెక్కి వస్తారు.

నాగదుర్గ పుట్టిల్లు రామచంద్రపురం. డిగ్రీ అయ్యాక మూడేళ్ల కిందట ఐనవిల్లి కోడలైంది. వరి, కొబ్బరితోట, వచ్చేపోయే జనం, పూటపూటా కాఫీలు ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఉద్యోగం చెయ్యకూడదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పెళ్లయిన ఏడాదికి నాగదుర్గ అడిగింది. భర్త శివశంకర్ వాళ్లమ్మని అడగమన్నాడు. అత్తగారు మావయ్యగారిని అడగమన్నారు, ఆయన ఎలాగూ వద్దంటారన్న ధీమాతో. మావయ్యగారు బాపిరాజుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నాగదుర్గ తలుపు పక్కన నిలబడి, తల వంచుకుని, తన చదువు, ఈ షాపు, టైములు అన్నీ చెప్పుకుంది. ఆయన తల తిప్పి చూసి ‘ఆయ్’ అన్నారు.

మా కోనసీమలో ఆయ్ అంటే సరే. ఒకసారి అన్నాక ఇంక వెనక్కి తీసుకునేది కాదు. అత్తగారి ధీమా అక్కడితో సరి. ఆ వారంలోనే నాగదుర్గ మా షాపులో చేరింది. పొద్దున్నే స్కూటీ తీస్తూ వరండాలో ఉన్న మావయ్యగారికి వెళ్లొస్తానండి అని చెప్పేది, ఆయన ఆయ్ అనేవారు. ఇంట్లో అత్తగారు ఎప్పుడు సణుగుడు మొదలుపెట్టినా మావయ్యగారు ఒప్పుకున్నారండి అనేది. సణుగుడు అక్కడితో ఆగేది. ఆ ఇంట్లో ఆవిడకున్న బలమంతా అదే.

బాపిరాజుగారి మంచితనం గురించి ఐనవిల్లిలో కూడా చెప్పుకోవడం మొదలైంది. ఒకప్పుడు ఆయన ముక్కోపి, ఏదడిగినా ముందు వద్దనేవారట. అలాంటి మనిషి కొన్నేళ్లుగా ఎవరేం చెప్పినా ఆయ్ అంటున్నారు. చేనుగట్టు దగ్గర తగాదా పడ్డ ఇద్దరు అన్నదమ్ములు వేరువేరుగా వచ్చి గోడు చెప్పుకుంటే ఇద్దరికీ ఆయ్ అన్నారు. ఇద్దరూ తామే నెగ్గామనుకుని వెళ్లి తగాదా మానేశారు. అప్పట్నుంచి పక్క ఊళ్లవాళ్లు కూడా తీర్పులకి వస్తున్నారు. ఆయన ఎవరో స్వామీజీ ప్రవచనాలు విని మారిపోయారని జనం అనుకున్నారు.

మొన్న మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, మేం భోజనం చేస్తుండగా ఫోన్లు టింగుమన్నాయి. నేను పెరుగన్నంలో ఉన్నాను, పట్టించుకోలేదు. నాగదుర్గ ఎడంచేత్తో బటన్ నొక్కింది. నొక్కి, పేరు రెండుసార్లు చదివింది. తర్వాత ఫోన్ నా ముందు పెట్టింది. అందులో ఇలా ఉంది: బాపిరాజు, ఐనవిల్లి. మిషను ఎవరి కోసం: నాకే. ఎంతకాలంగా వినపడటం లేదు: నాలుగేళ్లు. ఇతర వివరాలు: ఇంట్లో తెలియకూడదు, ఫోన్ చెయ్యకండి, వినపడదు.

నంబరు ఆయనదే.

“నేను అడిగింది రెండేళ్ల కిందటండి” అంది నాగదుర్గ.

నేను పెరుగన్నం పక్కన పెట్టి లెక్కేశాను. అంటే ఆవిడ అడిగింది ఆయనకి వినపడనే లేదు. ఒకసారి ఆయ్ అనేశాక, దేనికి ఒప్పుకున్నానని మళ్లీ అడిగితే చెవుల సంగతి బయటపడుతుందని ఊరుకున్నారు. కోడలు రోజూ స్కూటీ మీద ఎక్కడికి వెళ్తోందో కూడా ఆయనకి తెలియదు. తెలిస్తే దేశంలో ఇన్ని షాపులుండగా మా షాపుకే రాస్తారా? అత్తగారికి అనుమానం రాలేదా అని అడిగాను. అత్తగారి మాట ఆయన పట్టించుకోకపోవడం వాళ్ల పెళ్లయిన దగ్గర్నుంచీ ఉన్నదేనట.

ఇప్పుడు మిషను పెడితే ఆయనకి అన్నీ వినపడతాయి. అత్తగారి సణుగుడు కూడా వినపడుతుంది. ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పుడు ఒప్పుకున్నాను అంటారు. మళ్లీ ముక్కోపి బాపిరాజుగారైపోయి వద్దంటే ఈ ఉద్యోగం ఉండదు. మిషను పెట్టకపోతే ఉద్యోగానికి ఢోకా లేదు, ఆ పెద్దాయన మాత్రం పడక్కుర్చీలో కూర్చుని ఏమీ తెలియకుండా తలూపుతూనే ఉంటారు.

వదిలెయ్యమన్నాను నేను. రెండు రోజులు జవాబివ్వకపోతే ఆయనే ఊరుకుంటారని చెప్పాను. నాగదుర్గ ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చుంది.

“రోజూ వెళ్లొస్తానని చెప్తున్నానండి, ఎలీసమ్మగారూ. ఏం వినపడకుండానే నవ్వుతూ ఆయ్ అన్నారు ఇన్నాళ్లూ. లోపల ఎంత భయపడ్డారో కదండి” అంది. ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కోపిష్టివాళ్లకి ఏడుపు రాకూడదని ఎక్కడా లేదు.

ఈలోగా పేరు ఎర్రబడింది. ఎందుకు ఫోన్ చెయ్యలేదని యశ్వంత్ గారు గ్రూపులో అడిగారు. వినపడదు, చెయ్యకండి అని కస్టమరే రాశారని నాగదుర్గ జవాబిచ్చింది. అయినా ఒకసారి ట్రై చెయ్యమన్నారు. నాగదుర్గగారికి ఇబ్బందైతే తాను మాట్లాడతానని శ్యామ్ బాబు ఎంతో మర్యాదగా ముందుకొచ్చాడు. ఆయన ఫోన్ మోగితే తీసేది అత్తగారు. శ్యామ్ బాబు గొంతు గురించి ఇందాకే చెప్పాను.

నాగదుర్గ కళ్లు తుడుచుకుని గ్రూపులో రాసింది: “ఆయన మా మావయ్యగారండి. దయచేసి ఎవరూ ఫోన్ చెయ్యకండి.”

ఒక్కొక్కరూ దణ్ణం బొమ్మ పెట్టడం మొదలుపెట్టారు. శ్యామ్ బాబు మూడు పెట్టాడు. చివర్న యశ్వంత్ గారు కూడా ఒకటి పెట్టారు. ఎర్రబడ్డ పేరు గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ గ్రూపంటే నాకు కోపం లేని రోజు అదొక్కటే.

షాపు నంబరు నుంచి, తన పేరు పెట్టకుండా, నాగదుర్గ ఆయనకి మెసేజ్ పెట్టింది. రేపు మధ్యాహ్నం దాటాక రండి, ఎవరికీ చెప్పం అని. ఆయన్నుంచి వెంటనే ‘ఆయ్’ అని వచ్చింది.

మర్నాడు సెలవు పెట్టమని నాగదుర్గకి చెప్పి చూశాను. పెట్టలేదు. బాపిరాజుగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, ఇంట్లో బ్యాంకు పనని చెప్పి, బస్సులో వచ్చారు. మెట్లెక్కి తలుపు తీసేసరికి ఎదురుగా కౌంటరులో మెళ్లో ట్యాగుతో కోడలు. ఎవరు ఎవర్ని ఇక్కడేం పనని అడగాలో ఇద్దరికీ తెలియలేదు. నాగదుర్గ లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఆయన కూర్చుని ట్యాగు చదివారు, గోడ మీద చెవి బొమ్మలు చూశారు, మళ్లీ ట్యాగు చదివారు. నేనే వెళ్లి పరీక్ష గదిలోకి తీసుకొచ్చాను.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమని కాగితం మీద రాసి చూపించాను. నొక్కారు. నేనింకా శబ్దం పెట్టలేదు. మళ్లీ నా చెయ్యి కదిలింది, మళ్లీ నొక్కారు. నా మొహం చూసి, ఎప్పుడు నొక్కితే నేను సంతోషిస్తానో చూసుకుని నొక్కుతున్నారు. అన్నదమ్ముల తీర్పు ఎలా జరిగిందో నాకప్పుడు బోధపడింది. కుర్చీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టి మొదట్నుంచీ చేశాను. చాలాసేపు ఆయన వేలు కదలలేదు. ఆయన వీపు చూస్తుంటే నాకు చెప్పలేనంత జాలేసింది.

రెండు చెవులకీ మిషన్లు పెట్టి ఆన్ చేశాను. కింద రోడ్డు మీద ఆటో హారను మోగింది, ఆయన ఉలిక్కిపడ్డారు. తలెత్తి పైకి చూశారు.

“ఈ ఫ్యానుకి నూనె వెయ్యరాండి?” అన్నారు.

నాగదుర్గ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను బయటికి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“వినపడుతోందాండి, మావయ్యగారూ?”

“వినపడుతోందమ్మా. నీ గొంతు వినడం ఇదే మొదలు.” ఆయన కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. “ఆ రోజు తలుపు పక్కన నిలబడి ఏమడిగేవు?”

“ఈ ఉద్యోగం చేస్తానని అడిగేనండి.”

ఆయన మొహమాటపడి తలూపడం అప్పటికే మానేశారు.

“వినపడుంటే వద్దనేవాణ్ణి” అన్నారు.

“తెలుసండి.”

“ఇప్పుడడుగు.”

నాగదుర్గ ఈసారి తల వంచలేదు. “ఇప్పుడు అడగనండి” అంది.

ఐనవిల్లిలో ఆ ఇంటి కోడలు మావయ్యగారితో ఇలా అనడం ఇంతవరకూ జరిగి ఉండదు. నేను మిషను డబ్బా మూత పెడుతూ, తీస్తూ నిలబడ్డాను. ఆయన ఆవిడ మొహంలోకి చూస్తున్నారు, ఇందాక నా మొహం చూసినట్టు కాదు.

“మంచిది. నువ్వడక్కపోతే నేను వద్దనే పని లేదు” అన్నారు.

నాగదుర్గ నవ్వుతూ ఏడ్చేసింది. ఆయన ఇబ్బందిపడి మళ్లీ ఫ్యాను వైపు చూశారు.

పని అయిపోయింది, ఊరికి బస్సుంది, అయినా ఆయన వెళ్లలేదు. షాపు మూసేదాకా బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో కోడలు మాట్లాడేదంతా విన్నారు. సాయంత్రం ముగ్గురం కిందికి దిగాం. నాగదుర్గ స్కూటీ బయటికి తీసింది. బాపిరాజుగారు పంచె సర్దుకుని వెనక ఎక్కి కూర్చున్నారు. మామ కోడలి బండెక్కి ఊళ్లోకి వెళ్లడం మా వైపు చిన్న సంగతి కాదు. చెవుల్లో మిషన్లు కూడా అందరికీ కనపడతాయి. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక, బండి మీద గాలి హోరు ఎక్కువగా వినపడుతుంది, ఇంటికెళ్లేదాకా తీసి జేబులో పెట్టుకోమన్నాను.

“వద్దండి” అన్నారు. “ఊళ్లోకి వెళ్తుంటే మనవాళ్లు ఏమంటారో వినాలి.”