ఇరవై మూడో నంబరు గొర్రెపిల్ల

నా పై చదువుకు విషయం ఖాయం చేసిన రోజున మా ప్రొఫెసరు గారు గోడ మీది పటం దగ్గరకు వెళ్లి, హైదరాబాదు సంస్థానం మీద వేలు పెట్టి, "ఇది మీ ఊరే కదా" అన్నారు. ఆయన గోటి కింద సిద్దిపేట ఉంది. మా ఊరు ఖమ్మం దగ్గర, అంటే ఆయన వేలి రెండో కణుపు కింద. పెద్దవాళ్ల వేలు ఎత్తి చూపించడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆ మర్యాద ఖరీదు రెండేళ్లు.

మద్రాసులో పశువైద్యం ముగించి, ఉత్తరాదిన ఒక పరిశోధనాలయంలో పై చదువుకు చేరినవాళ్లం ఆరుగురం. యుద్ధం నడుస్తోంది. సైన్యానికి కంబళ్లు కావాలి, కంబళ్లకు ఉన్ని కావాలి, ఉన్నికి గొర్రె కావాలి, గొర్రెను తూచడానికి నేను కావాలి. అప్పుడే పుట్టిన నలభై నల్ల గొర్రెపిల్లలను ఏడాది పాటు వారం వారం తూచి, ఏ కాలంలో ఎంత పెరిగాయో పట్టిక వేసి సిద్ధాంత వ్యాసం రాస్తే పట్టా వస్తుంది. పట్టిక చెడితే ఇంకో ఏడాది సిద్దిపేట. నా భవిష్యత్తంతా ఆ రెండు వాక్యాల్లో పట్టింది.

సిద్దిపేటలో సాలెల వాడలో ఒక గది కిరాయికి దొరికింది. పగలంతా మగ్గాల చప్పుడు. అది ఆగితే ఊరంతా నాకు చెప్పకుండా ఎటో వెళ్లిపోయిందేమో అనిపించేది. వాడవాళ్లు మంచివాళ్లే. "గొర్ల సారు" అని దారి ఇచ్చేవారు. దారి ఇచ్చిన తరువాత మాట్లాడేందుకు ఏముంటుంది? చాయ్ హోటల్లో అడగకుండానే చాయ్ తెచ్చిపెట్టడం మొదలయ్యాక, వాళ్ల దయ వల్ల, నాకు ఆ ఒక్క మాట అనే అవసరం కూడా లేకుండా పోయింది. ఒక మంగళవారం పొద్దుట గొంతు సవరించుకుంటే గదిలో ఇంకెవరో ఉన్నారనుకుని ఉలిక్కిపడ్డాను.

గురువారం మాత్రం నాకు మనుషులుండేవారు. కొండపాక దారిలో ఒక కురుమ తాత, ఆయన భార్య అవ్వ. నా నలభై పిల్లలూ వాళ్ల మందలోవే. ఎరువు కోసం రైతులు పిలిస్తే ఈ వారం ఒకరి చేన్లో, వచ్చే వారం ఇంకొకరి చేన్లో మంద పెట్టేవారు. అందుకని ప్రతి గురువారం సైకిలు మీద వెళ్లి ముందు మందను వెతుక్కోవడం, తరువాత తూచడం. మొదటి నెల నన్ను డాక్టర్ సాబ్ అన్నారు. రెండో నెలకు బిడ్డా అన్నారు. అది నా చదువులో నాకు దక్కిన మొదటి పదోన్నతి.

పిల్లల చెవులకు గుచ్చాల్సిన బిళ్లలు యుద్ధం వల్ల రాలేదు. కిరసనాయిలు డబ్బా రేకును ముక్కలు కోసి, మేకుతో నంబర్లు పొడిచి, ఉన్ని దారంతో మెడలకు కట్టాను. తుమ్మకొమ్మకు త్రాసు వేలాడదీసి, దాని కొక్కేనికి పాత గొంగడి ముక్కతో కట్టిన జోలె తగిలించేవాణ్ని. తాత పిల్ల కాళ్లు ముడిచి జోలెలో కూర్చోబెట్టేవాడు. తల ఒక్కటే బయటికి. నేను రేకు మీద నంబరు, త్రాసు మీద ముల్లు చదివి రాసుకునేవాణ్ని. నాకు అన్నీ నల్లటి ఒకే మొహం. తాతకు మాత్రం ఒక్కోటి ఒక్కో మనిషి.

మూడో వారం తొమ్మిదో నంబరు చచ్చిపోయింది. నేను బండ మీద కూర్చుని రిజిస్టరు చూస్తూ ఉండిపోయాను. అవ్వ తెచ్చిన జొన్న రొట్టె ముట్టలేదు. ముప్పై తొమ్మిదితో భాగిస్తే సగటు ఎంత మారుతుందో మనసులో లెక్క కడుతున్నాను. లెక్కలో మొదటి నుంచీ నేను కొంచెం వెనుక, అందుకే ఆలస్యమైంది. వాళ్లిద్దరూ దూరంగా నిలబడి నన్నే చూశారు.

ఆ తరువాత ఒక్క పిల్ల కూడా చావలేదు. ఎండాకాలం గడిచింది, వానలు పడ్డాయి, ముప్పై తొమ్మిదికి ముప్పై తొమ్మిది. అయితే వానల్లో బరువులు చిత్రంగా ఆడడం మొదలుపెట్టాయి. ఒక పిల్ల వారంలో మూడు పౌండ్లు తగ్గేది, ఇంకొకటి ఉన్నట్టుండి నాలుగు పెరిగేది. వేరే పనిలేని మనిషికి ఇలాంటివి దొరికితే ఏం చేస్తాడు? సిద్ధాంతం కడతాడు. ఈ జాతి పిల్ల తడి నేల మీద ఒంటి బరువు వదులుకుని, మళ్లీ ఒక్క ఊపున తెచ్చుకుంటుందని పదకొండు పేజీలు రాసి ప్రొఫెసరు గారికి పంపాను. చాలా విశేషమైన పరిశీలన అని, దీన్ని ఒక అధ్యాయంగా పెంచమని, మిగతా ఐదుగురికీ చదివి వినిపించానని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చెమటకు అక్షరాలు పోయాక కూడా చదవగలిగేవాణ్ని.

దసరా ముందు ఉన్ని కత్తిరించారు. కత్తిరింపుకు గొర్రెను వెల్లకిలా పడుకోబెడతారు. నేను ఉన్ని పొడవు కొలవడానికి కొలబద్దతో వంగాను. ఇరవై మూడో నంబరు. నా రిజిస్టరులో ఆడది. నా కళ్ల ముందు ఉన్నది మాత్రం అందులో ఏ అనుమానానికీ తావివ్వని పొట్టేలు.

"తాతా, ఇరవై మూడు ఆడది కదా" అన్నాను.

తాత కత్తెర ఆపలేదు. "ఆడిదే. అది ఆరుద్ర వానలల్ల సచ్చిపాయె. గిది దాని రేకు కట్టుకున్నది."

ఆయన ఆ మాట వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను నేల మీద కూర్చున్నాను. నిలబడి వినవలసిన సంగతి కాదనిపించింది. అవ్వ వచ్చి నా ముందు కూర్చుంది.

"తొమ్మిదోది సచ్చిన్నాడు నువ్వు రొట్టె ముట్టలే బిడ్డా. ఎవలు లేని ఊరికి వచ్చిన పోరడు, ఒక్కటి పోతేనే గట్ల కూసున్నడు, ఇంకోటి పోతే ఎట్ల అనుకున్నం. రేకు ఇప్పి గా సైజుదే ఇంకోదానికి కట్టినం. నీకు ఎరుకైతదా అని తాత భయపడ్డడు. నాకు ఎరుకే, నువ్వు మొకాలు సూడవని."

ఎన్ని అని అడిగాను. తాతకు నంబర్లతో పనిలేదు. చెవులు చీలిన దాని పిల్ల, కుంటిదాని కవలల్లో చిన్నది, పాలు తక్కువ దాని పిల్ల, ఇలా తల్లుల మీదుగా చెప్పుకుంటూ పోయాడు. ఏది ఎవరి చేన్లో మంద ఉన్నప్పుడు పోయిందో కూడా చెప్పాడు. పదకొండు. రిజిస్టరు తెరిచి ఆ వారాలు చూశాను. నేను బరువు వదులుకోవడం అని రాసిన ప్రతిచోటా ఒక చావు ఉంది. ఒక్క ఊపున తెచ్చుకోవడం అన్న ప్రతిచోటా వేరే తల్లి పిల్ల ఉంది. వానాకాలమంతా నేను శ్రద్ధగా రేకులను తూచాను.

కోపం రావలసిన చోట రాలేదు. సిద్దిపేటలో అన్ని నెలల్లో నేను తిన్నానా లేదా అని చూసినవాళ్లు వాళ్లిద్దరే. అలా చూసినందుకే నా పట్టిక పాడైంది. ఎవరి మీద అరవాలి?

గదికి వచ్చి మూడు రోజులు మగ్గాల చప్పుడు విన్నాను. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ప్రొఫెసరు గారు వెయ్యి మైళ్ల అవతల ఉన్నారు, గొర్రెలు సాక్ష్యం చెప్పవు. ఇక్కడ నా అంతరాత్మ మేల్కొన్నదని రాసుకోవచ్చు. నిజం చెప్పాలంటే, ఆ అధ్యాయం చదివి ఎప్పుడో ఎవడో నాలాంటివాడు ఇంకో ఊళ్లో తుమ్మచెట్టు కింద త్రాసు పట్టుకుని, గొర్రెపిల్లలు బరువు వదులుకోవడం కోసం వానలో ఎదురుచూస్తాడని తోచింది. ఆ మనిషి నాకు మరీ స్పష్టంగా కనిపించాడు. నాలుగో రోజు జరిగిందంతా ప్రొఫెసరు గారికి ఉత్తరం రాసి డబ్బాలో వేశాను.

జవాబు నాలుగు వాక్యాలు. చలికాలపు ఈతలో పుట్టే పిల్లలతో మళ్లీ మొదటి నుంచి చేయమన్నారు. నాతో చేరినవాళ్లు పట్టాలు తీసుకున్నప్పటి ఫొటో ఒకటి తరువాత వచ్చింది. ఐదుగురూ కోట్లలో ఉన్నారు. నా చోటు ఖాళీగా ఉంటుందేమోనని చూశాను. ఫొటో తీసినవాడు పని తెలిసినవాడు, అందరినీ దగ్గరకు జరిపాడు.

ప్రొఫెసరు గారి జవాబు అందిన వారం, ఇంకో ఏడాది ఉంటానని చెప్పడానికి గురువారం దాకా ఆగలేక ఆదివారమే వెళ్లాను. అవ్వ సంతోషించింది. తాత చేతికర్రతో నేల గీకుతూ, "మావల్లనే గద" అన్నాడు. యుద్ధం వల్ల అని చెప్పాను. ఆ రోజుల్లో ఆ మాట దేనికైనా సరిపోయేది. తరువాత ఒక్క సంగతి అడిగాను, పిల్ల చస్తే నాకు చెప్పాలని.

"చెప్తం" అన్నాడు తాత. "మరి నువ్వు మల్ల గట్ల కూసోవద్దు."

ఒప్పుకున్నాను. చలికాలంలో మళ్లీ నలభై పిల్లలు. ఈసారి రేకు నంబరు పక్కన తల్లి ఎవరో రాయడానికి రిజిస్టరులో ఒక నిలువు గీత గీసుకున్నాను. వాటి మొహాలు చూడడం నేర్చుకున్నాను కూడా. ఆరో నంబరుకు ముక్కు పక్కన వెంట్రుకలు సుడి తిరిగి, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు ఉండేది. త్రాసు దగ్గరకు అన్నిటికంటే ముందు అదే వచ్చేది.

రెండో నెలలో ఒక గురువారం అది రాలేదు.

"ఆరోది మొన్న పోయింది బిడ్డా" అన్నాడు తాత. మాట ఇచ్చినట్టే చెప్పాడు. చెప్పి, ఆయనా అవ్వా నా మొహం చూస్తూ నిలబడ్డారు. పోయినసారి లెక్క కట్టుకుంటే దుఃఖమనుకున్నారు. ఇప్పుడు నిజంగా వచ్చింది, అదీ వాళ్లిద్దరూ కన్నార్పకుండా చూస్తున్నప్పుడు. నేనిప్పుడు తల దించుకున్నానా, ఇక ఈ చేలల్లో ఏ పిల్లా చావదు.

"ఏ తల్లిది?" అన్నాను, రిజిస్టరు తెరుస్తూ. చెప్పాడు. ఆ గీత పక్కన రాసుకుని, తరువాతి పిల్లను జోలెలో కూర్చోబెట్టమన్నాను.