మూల చింపిన కార్డు

చిలకలూరిపేట దగ్గరి ఊళ్ళో సోషల్ చెప్పే నాకు తపాలా చరిత్ర అంటే మహా ఇష్టం. టపా సంచులు భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్ళ గురించి పుస్తకంలోంచి చదివితే తొమ్మిదో తరగతి పిల్లలు ఆవలిస్తారు. అందుకని ఈసారి పోస్టాఫీసు నుంచి ఖాళీ కార్డులు తెచ్చి అందరికీ పంచాను. శుభవార్తయితే మూలలకు పసుపు రాసేవారనీ, చావు కబురైతే ఒక మూల చింపేవారనీ, అది చూడగానే ఆ ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవనీ చెప్పాను. చుట్టాలకు ఒక్కో కార్డు రాసి డబ్బాలో వేయమన్నాను. వాట్సాప్ పిల్లలు కదా, పడీపడీ నవ్వారు.

ఒకమ్మాయి నవ్వలేదు. వాళ్ళ ఇల్లు బడికి ఎదురుగానే. వాళ్ళ నాన్న తాగొచ్చి వాళ్ళమ్మను గొడ్డును బాదినట్టు బాదుతాడని వీధంతటికీ తెలుసు. అడ్డం వెళ్తే గొడ్డలి ఎత్తుతాడు. ఆమె పుట్టింటికి ఫోన్ చేసిందని ఆ ఫోన్‌ను రోకలితో నుజ్జు చేశాడు. తన ఫోన్‌లో వాళ్ళ నంబర్లన్నీ బ్లాక్ చేశాడు.

వారం తిరక్కముందే, నేను పాఠం చెబుతుండగా ఆ ఇంటి ముందు ఆటో ఆగింది. పొన్నూరు నుంచి వచ్చిన ఆ పిల్ల అమ్మమ్మ గుండెలు బాదుకుంటూ దిగింది. చేతిలో కొత్త చీర, పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కప్పే చీర. వెనకాల ఇద్దరు మేనమామలు.

పోయిందనుకున్న మనిషి వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పెదవి చిట్లింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

ముసలామె ఏడుపు ఆగిపోయింది. పెద్ద మేనమామ మంచం మీద పడుకున్న బావను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చి, ముక్కు పగిలేదాకా కొట్టాడు. నాకు జాలి కలగలేదు. ఇంకో రెండు పడితే బాగుండుననిపించింది.

"ఈ కార్డెవరు రాశార్రా?" అంటూ జేబులోంచి తీసి వాడి మొహాన కొట్టాడు. మూల చింపిన కార్డు. 'అమ్మ పోయింది' అని మాత్రమే ఉంది.

ఆ పిల్ల అప్పటికే బడిలోంచి పరుగెత్తింది, వెనకే నేను. వాడు కూతురి రాత గుర్తుపట్టాడు. నెత్తురు మూతితోనే లేచి ఆ పిల్ల గొంతు పట్టుకున్నాడు.

"చంపేస్తానే నిన్ను."

నేనూ, చిన్న మేనమామా వాడి వేళ్ళు విరిచినంత పని చేసి విడిపించాం.

"బతికున్న అమ్మని పోయిందని ఎట్టా రాశావే?" అన్నాడు పెద్ద మేనమామ, రొప్పుతూ.

మెడ మీద వేళ్ళ అచ్చులు తేలుతుంటే ఆ పిల్ల దగ్గుతూ చెప్పింది.

"కొడుతున్నాడని చెబితే సర్దుకోమన్నారుగా మామయ్యా. చచ్చిపోయిందంటే వస్తారని రాశా."

అమ్మమ్మ ఆ చీరను మురిక్కాలవలోకి విసిరేసింది. పెద్ద మేనమామ ఎవరివంకా చూడలేదు. తన చెంపలు తనే చెళ్ళుచెళ్ళున వాయించుకుని, వెళ్ళి చెల్లెల్ని చేయి పట్టి లేపాడు.