నాలుగు పొట్లాలతో ఉద్దానం

ఉద్దానం ఎప్పుడు వెళ్తే బాగుంటుందని ఎవరడిగినా మార్చిలో వెళ్ళమంటాను. జీడితోటలు పూత, పిందె మీద ఉంటాయి. ఎండ ఇంకా ముదరదు. నేను వెళ్ళిందీ మార్చిలోనే, రెండు వేల ఇరవైలో. తోటలు చూడ్డానికి కాదు, ఇటలీ నుంచి వచ్చిన మా తమ్ముణ్ణి ఊళ్ళో దిగబెట్టి రావడానికి.

తమ్ముడు ధర్మారావు ఓడలు కట్టే యార్డులో వెల్డరు; అక్కనైన నన్ను మా వైపు అలవాటుగా అప్పా అంటాడు. మా ఊరివాళ్ళు పదిమంది దాకా ఒకే కాంట్రాక్టరు కింద ఉత్తర ఇటలీలో ఒకే ఇంట్లో ఉండేవారు. ఫిబ్రవరి నెలాఖరుకు ఆ ఓడ పని అయిపోతే, మార్చి మొదటివారంలో కాంట్రాక్టరు వాళ్ళను తలో దేశానికీ సర్దాడు. ధర్మా మాత్రం సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. హైదరాబాదులో దిగితే నుదుటి దగ్గర మిషన్ పెట్టి జ్వరం చూసి, చిరునామా రాయించుకుని పంపేశారు. అతను విశాఖపట్నంలో మా ఇంటికి చేరేసరికి, వదిలి వచ్చిన ఆ ప్రాంతాన్ని అంటుజబ్బు భయంతో అక్కడి ప్రభుత్వం మూసేసిందని టీవీలో చెబుతున్నారు. ఒక్క రోజులో తప్పించుకున్నావురా అని నవ్వాను. నాకూ కాలేజీలో మూడు రోజులు సెలవు దొరికింది. ఊరు చూసి ఏడాదయింది.

మర్నాడు ఉదయం ఆరుంపావుకి పలాస పాసింజరు ఎక్కాం. టికెట్టు నలభై రూపాయల లోపే. కిటికీ పక్కన చోటు కావాలంటే అరగంట ముందు వెళ్ళాలి. విజయనగరంలో ఇడ్లీ కొన్నాం. ఆమదాలవలస దాటాక ఎదుటి బల్ల మీదకు పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పెట్టె మీద విమానం చీటీ చూసి ఎక్కడి నుంచి అని అడిగాడు. ధర్మా చెప్పాడు. ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు కట్టుకున్నాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. ఆఫ్రికా నుంచి ఓడల్లో గింజలు తెప్పించుకుని వ్యాపారం చేస్తారు కదా, వాటికి లేని అంటు మా తమ్ముడికే ఉందా అని అడిగాను.

"గింజలు దగ్గవు కదమ్మా" అన్నాడాయన, కోపం లేకుండానే. తిలారులో దిగి పక్క బోగీలోకి మారిపోయాడు.

మిగిలిన దారంతా ధర్మా ఫోను చూస్తూనే ఉన్నాడు. విడిపోయిన స్నేహితులు ఒక్కొక్కరూ వార్తలు పంపుతున్నారు. ఇటలీలో ఉంటే జబ్బు జర్మనీలో ఎలా తేలిందిరా, మధ్యలో సరిహద్దులుండవా అని అడిగాను. కాలేజీలో నేను చెప్పేది చరిత్ర. సరిహద్దంటే నా బుర్రలో గోడ, తుపాకీ, కాపలా.

"మన ఇచ్ఛాపురం దాటి ఒరిస్సాలోకి ఎల్లినట్టేనప్పా. బస్సు ఆగదు కూడాను. మావంతా అలాగే కదా ఎల్లినాం" అన్నాడు.

ఆ మాటలో అంతా ఉంది. జబ్బు ఆ ఖండం మీద ఏ దారిన నడిచిందో తర్వాత పెద్దవాళ్ళు చాలా రాశారు. నాకు మాత్రం అది మా ఊరి కుర్రాళ్ళు పనికోసం ఎక్కిన బస్సుల దారే. వాళ్ళు తెచ్చారని కాదు. వాళ్ళలాంటి లక్షలమంది అప్పుడు అలా కదులుతూనే ఉన్నారు.

పదకొండున్నరకు పలాస. కాశీబుగ్గలో భోజనం చేసి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆటోలో ఊరికి వెళ్ళాం. ముప్పావుగంట ప్రయాణం. తుపానుకు పడిపోయిన కొబ్బరిచెట్ల మొదళ్ళ పక్కన కొత్త మొక్కలు మోకాలెత్తు లేచాయి. బస తమ్ముడింట్లోనే, అతని భార్య పద్మ చేతివంట. ఊళ్ళో హోటలు లేదు కానీ, మంచినీళ్ళ డబ్బాలు అమ్మే దుకాణాలు మూడున్నాయి. బావినీళ్ళ మీద ఎవరికీ నమ్మకం లేదు. మా వైపు ఇంతమందికి కిడ్నీలు పోతున్నది ఆ నీళ్ళ వల్లనో, మరి దేనివల్లనో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. విదేశం నుంచి ఒకడు వస్తుంటే తోటివాళ్ళంతా తమ ఇళ్ళకు పొట్లాలు కట్టి అతని పెట్టెలో పెడతారు. వచ్చినవాడు వాటిని ఎవరిచేతా పంపకూడదు. తానే తీసుకెళ్ళి, ఆ ఇంట్లో కూర్చుని, ఏదో ఒకటి నోట్లో వేసుకుని, మీవాణ్ణి నా కళ్ళతో చూశాను, బాగున్నాడు అని చెప్పాలి. పొట్లం కన్నా ఆ మాటే ముఖ్యం. ధర్మా తెచ్చినవి నాలుగు.

రెండోరోజు ఎనిమిది గంటలకు ఆశా కార్యకర్త ఈశ్వరమ్మ వచ్చింది. ధర్మా పేరున్న కాగితం ఆమె చేతిలో ఉంది. పద్నాలుగు రోజులు గది దాటొద్దని పైనుంచి చెప్పారంది. నేను చాప వేయించి మరీ వాదనకు దిగాను. జ్వరం ఉందా అన్నాను. లేదంది. విమానాశ్రయంలో డాక్టర్లు వదిలేశారా లేదా అన్నాను. వదిలేశారంది. అప్పుడు నా దగ్గరున్న అన్నిటికన్నా పదునైన మాట తీశాను. ఇన్నేళ్ళుగా ఈ ఊరి రక్తం తీసుకెళ్ళారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, ఒక్కసారైనా ఫలితం ఇదీ అని వచ్చి చెప్పారా? ఇప్పుడు ఇంకో కాగితం పట్టుకొచ్చి మా ఇంటి మగవాణ్ణి గదిలో పెట్టమంటావా?

గుమ్మం దగ్గర చేరినవాళ్ళు అవునన్నారు. ఊరంతటికీ ఉన్న కడుపుమంట అది. అందులో అబద్ధం లేదు. నిజమైన కోపాన్ని తీసుకెళ్ళి తప్పుడు చోట వాడాను. ఆ కాగితం పట్టుకొచ్చిన మనిషి మామగారు కూడా ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడని నాకు తెలుసు.

ఈశ్వరమ్మ లేచి నిలబడింది. "మీరు సదువుకున్నోరు, మీతో నాను వాదించలేనమ్మా. ఏ ఇంటికెల్లినా సరే గాని, గున్నమ్మ ఇంటికి మాత్రం ఎల్లకండి. ఆ మడిసికి ఒంట్లో తట్టుకునే బలం నేదు" అంది.

గున్నమ్మ వదిన, నేను ఏడో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం. భర్త కిడ్నీలు పోయి చనిపోయాడు. తర్వాత ఆమెకూ అదే వచ్చింది. వారానికి మూడు రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటుంది. ఒక్కడే కొడుకు మోహన్, స్పెయిన్‌లో ఉన్నాడు. నాలుగో పొట్లం అతను పంపిందే.

మానేద్దామా అప్పా అన్నాడు ధర్మా. మూడిళ్ళకెళ్ళి నాలుగో ఇంటికి వెళ్ళకపోతే ఆవిడ ఏమనుకుంటుంది, కొడుక్కి ఏదో అయిందని గుండె ఆగుతుంది అన్నాను. అదీ మంచి వాదనే. నా వాదనలన్నీ మంచివే.

పది గంటలకు బయల్దేరాం. మొదటి ఇంటివాడు జర్మనీలో. తల్లి ఫోను కలిపి చూపించింది. యార్డులో ఇద్దరిని ఇంటికి పంపేశారట. రెండో ఇంటివాడు ఫ్రాన్సులో, వంటగదిలో అందరూ దగ్గుతున్నారు కానీ పనికి రమ్మంటున్నారన్నాడు. మూడో ఇంటివాడు పోలండులో. అక్కడ ఇంకా ఏమీ లేదట, బియ్యం మాత్రం దొరకడం లేదట. ఇంటింటా టీ తాగాం. ఆ రోజు మా వీధిలో పడమటి నుంచి తూర్పుకు నడిచినవాళ్ళకు యూరప్ ఎలా ఉందో టీవీ కన్నా బాగా తెలిసుండేది. పన్నెండు గంటలకు గున్నమ్మ వదిన గడప తొక్కాం.

పొట్లంలో మందపాటి ఉన్ని శాలువా ఉంది. ఆమె దాన్ని విప్పి, అప్పటికప్పుడే కప్పుకుంది. బయట ఎండ కాస్తోంది.

"మిషన్ కాడ కూకుంటే ఎముకల్లోకి దిగిపోద్దే చలి. ఎప్పుడో ఫోన్ల అన్నాను. గుర్తెట్టుకున్నాడు సూడు ఎదవ" అంది నాతో.

ఈ శాలువాతో పెళ్ళికూతురిలా ఉన్నావు వదినా, ఆస్పత్రిలో నిన్ను చూసి డాక్టరు సూది తప్పుతాడు అన్నాను. నవ్వింది. నవ్వుతూనే ధర్మా ఫోను దగ్గరికి జరిగింది. అతను మోహన్‌కు వీడియో కలిపాడు. తెర చిన్నది. ఆమె చూపు ఆనదు. ధర్మా భుజం మీద గడ్డం ఆనించి చూసింది. అలా పావుగంట.

చివర్లో మోహన్ తల్లిని వదిలేసి ధర్మాను అడిగాడు. "బాబాయ్, నువ్వు బాగున్నావా? ఇటలీల ఇల్లు ఖాళీ సేసిన రోజు మనతో బస్సుల ఒచ్చినోడికి నిన్నటికాణ్ణించి జొరం. సూసుకో."

ఆ మాట నేను విన్నాను. ధర్మా నా వైపు చూశాడు. ఫోనులో ఇంకా ఏవో మాటలు నడుస్తున్నాయి. లేద్దామని నేనే ముందు లేచాను. అందులో తొందర ఉందే కానీ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మూడోరోజు తిరుగు ప్రయాణం. ఉదయం ఆరున్నరకు పలాస వెళ్ళే మొదటి ఆటో డయాలసిస్‌వాళ్ళదే. ఒకే ఆటోలో నలుగురు రోగులు కలిసి వెళ్ళి కలిసి వస్తారు. నన్ను ఐదోదానిగా ఎక్కించుకున్నారు. గున్నమ్మ వదిన శాలువాను విప్పి, పక్కనున్న అప్పలమ్మ మోకాళ్ళ మీదకు కూడా కప్పింది. మంచు కురుస్తోంది. ఆస్పత్రి గేటు దగ్గర దిగి, చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

కాశీబుగ్గలో టిఫిన్ చేసి ఎనిమిదిన్నర బస్సు ఎక్కాను. తొమ్మిదిన్నరకు టెక్కలి. బస్సు అక్కడ పదినిమిషాలు ఆగుతుంది. టీ బాగుంటుంది. గ్లాసు చేతిలోకి తీసుకోగానే ధర్మా ఫోను.

"అప్పా, తెల్లారగట్ల నుంచి జొరం. ఒల్లంతా నొప్పులు. పద్మ కాఫీ ఇచ్చింది, వాసనే నేదు. ఈశ్వరమ్మకి సెప్పమంటావా?"

ప్రయాణపు బడలికరా, మాత్ర వేసుకుని పడుకో అన్నాను. సాయంత్రం చూద్దాంలే అన్నాను.

ఇప్పుడు చెబితే ఆస్పత్రిలో గున్నమ్మను మిషన్ ఎక్కించకుండా పంపేస్తారేమో అని కూడా తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది ఉత్త భయం కాదు. ఆ రోజుల్లో అలా జరిగేదే. అయితే ఆ టీ కొట్టు దగ్గర నన్ను ఆపింది అది కాదు. నిన్న ఊరంతా చూస్తుండగా ఓడించిన మనిషికి, ఇవాళ పొద్దున్నే నువ్వన్నదే నిజమని కబురు పంపాలి. అందుకు నోరు రాలేదు.

ఈశ్వరమ్మకు ధర్మా తనంతట తానే చెప్పాడు, రెండు రోజుల తర్వాత. మధ్యలో డయాలసిస్ ఆటో ఇంకోసారి వెళ్ళొచ్చింది. తర్వాత లాక్‌డౌన్‌లో ఆటోలు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. ధర్మా కోలుకున్నాడు. పరీక్షకు తీసుకెళ్ళేసరికి వారాలు గడిచాయి, ఏమీ లేదని వచ్చింది. గున్నమ్మ వదిన ఏప్రిల్ మొదట్లో ఆయాసంతో పోయింది. ఆ తర్వాత వారానికి అప్పలమ్మ. వాళ్ళకు ఎవరూ పరీక్ష చేయలేదు. మా ఊళ్ళో డయాలసిస్ మీదున్న మనిషి పోతే ఇంకో కారణం ఎవరు వెతుకుతారు? కిడ్నీ అన్నారు, అంతే. ఈశ్వరమ్మ ఆ తర్వాత నాకు ఎదురుపడినా ఒక్క మాట అనలేదు. అంటే నేను మళ్ళీ వాదించేదాన్నేమో.

టెక్కలి నుంచి శ్రీకాకుళం గంటన్నర, అక్కణ్ణుంచి విశాఖ మూడు గంటలు. రోడ్డు బాగుంటుంది. కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. కిటికీలోంచి కొండలు వెనక్కి పోతుంటే నేను ఆ రోజు ప్రశాంతంగానే ఉన్నాను. ఇది రాయకపోతే యాత్ర సగమే చెప్పినట్టు.

వెళ్ళేవాళ్ళకు ఒక సంగతి. టెక్కలి నుంచి పలాసకు బస్సుల కోసం ఎదురుచూడక్కర్లేదు, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆ రోజూ ఉంది, గంటలో గున్నమ్మ వదిన ఉన్న ఆస్పత్రికి చేర్చేది. నేను టీ తాగుతుండగా రోడ్డుకు అవతల ఆగి ఉంది, సగానికి సగం ఖాళీగా, కండక్టరు పలాస, పలాస అని పిలుస్తున్నాడు. నేను రోడ్డు దాటితే చాలు.