క్షమాపణ చెప్పనివ్వని అత్త

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం ఆరాధనకని చీర కట్టుకుని, బయల్దేరే ముందు కాసేపు కూర్చుంటానని కూర్చుంది. కుర్చీలోనే కన్నుమూసింది. డాలీగంజ్‌లో మా వీధివాళ్లు ఆమెని రాప్ టీచరమ్మ అనేవారు. అరవై దాటిన మనిషికి ఆ పేరేమిటని మీకు నవ్వు రావచ్చు. ఆమె కూడా నవ్వేది. కానీ ఆ పేరంటే మహా మురిపెం.

సునామీకి ముందు అత్త నికోబార్ దీవిలోని కాంప్‌బెల్ బేలో బడిపంతులమ్మ. అలలు ఇల్లు తీసుకుపోతే పోర్ట్ బ్లెయిర్‌లో శిబిరానికి వచ్చింది, అక్కణ్నించి మా పక్కింటికి. శిబిరంలో ఏం కావాలని ఎవరొచ్చి అడిగినా మగవాళ్లే జవాబు చెప్పేవారట. లోబట్టలు లేవని ఒక్క ఆడమనిషీ నోరు విప్పలేదట. "నేనూ ఇప్పలేదే. టీచర్నయ్యుండి! ఆ సిగ్గు ఇంకా పోలేదు" అనేది. ఆ తర్వాత ఆమె నోరు మూసుకున్న రోజు నేనైతే చూడలేదు.

రాప్ ఆమెకి మా అన్నయ్య ఫోన్‌లోంచి తగిలింది. ఎవడో కుర్రాడు హిందీ పాటలో తన మోటార్‌సైకిల్ గొప్పలు చెప్పుకుంటూ ఊగిపోతున్నాడు. అత్త గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది. "అరే, బండి గురించే ఈడు ఇంతసేపు వాగితే, మన గుంటలకి సెప్పుకోడానికి ఏటీ లేదా?" అంది. ఆ శనివారమే ఆమె వరండాలో క్లాసు మొదలైంది. వీధిలోని గుంటలం, అంటే ఆడపిల్లలం, బకెట్లు బోర్లించి తాళం వేసేవాళ్లం, అత్త అల్లం టీ కాచి పోసేది.

ఆమె షరతు ఒకటే. ‘ఆడవాళ్లు’ అనకూడదు, ‘సమాజం’ అసలే అనకూడదు. నేను, మా ఇల్లు, మా నాన్న అని చెప్పాలి. "రాప్ అంటే ఏటో కాదే, కోపాన్ని తాళంలో పెట్టడం. బస్, అంతే."

మాతో వచ్చిన చిక్కు వేరే. మేమంతా చర్చిలో సాక్ష్యాలు చెబుతూ పెరిగిన పిల్లలం. లేచి నిలబడితే దేవుని నామమునకు స్తోత్రము అని మొదలుపెట్టడం, తప్పులుంటే క్షమించండి అని చేతులు జోడించి కూర్చోవడం, అదే తెలుసు. రాప్‌కీ అదే చేశాం! ఒక పిల్ల చేపముక్క తమ్ముడికి, పులుసు తనకి అని భలే కోపంగా చెప్పి, చివర్న క్షమించమంది. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "స్తోత్రం ఉండనీ, ఆయన ఇంటాడు. క్షమాపణ ఎందుకే? ముక్క తిన్నది నువ్వా?" అంది.

ఆ ఏడు నాది పదో తరగతి. మా వీధికి కొళాయి రోజూ రాదు. వచ్చిన పొద్దున పట్టుకోకపోతే ఇంట్లో చుక్క ఉండదు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి, నాన్న డైరీ ఫార్మ్ పేటలో దుకాణానికి పోతే డ్రమ్ములు నింపడానికి నేనే ఆగిపోయేదాన్ని. అన్నయ్య కాలేజీకి నాగా పడకూడదు కదా! నా హాజరు బాగా తగ్గింది. ఇలాగే ఉంటే పరీక్షకి కూర్చోనిచ్చేది లేదని బడిలో చెప్పేశారు. నాన్నతో అంటే "ఆడపిల్లవి, నువ్వు కాకపోతే ఎవరు పడతారమ్మా" అనేవాడు, మెత్తగానే. అంత మెత్తగా చెప్పే మనిషితో ఎలా పోట్లాడాలో నాకు తెలిసేది కాదు.

"కోత పండగలో సెప్పు. మీ నాన్న ముందు వరసలోనే ఉంటాడు" అంది అత్త.

"చర్చిలో రాప్ ఏంటత్తా, పాస్టరు గారు ఊరుకుంటారా?"

ఆయనకి ఆమే చెప్పింది. "సాక్ష్యమేనండి. కాస్త తాళం ఉంటాది, అంతే."

కొబ్బరికాయలు, గుమ్మడికాయలు పేర్చిన బల్ల పక్కన నిలబడ్డాను. వెనక మా పిల్లలు బకెట్లు అందుకున్నారు.

కొళాయొస్తే లేచేది నేను,
బస్సొస్తే ఎక్కేది అన్న!
డ్రమ్ము నిండె, బకెట్టు నిండె,
హాజరు పట్టీలో నా గడి ఎండె!
నాన్నా, పరీక్ష నాది కాదా?

అయిపోయింది. అలవాటుగా చేతులు దగ్గరకొచ్చాయి, క్షమించండి అన్న మాట పెదవుల దాకా వచ్చింది. అత్త బెంచీ మీంచి కళ్లురిమింది. చేతులు దించేశాను. ఎవరో పెద్దాయన అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నాడు, దాంతో అందరూ నవ్వేశారు. నాన్న నవ్వలేదు. ఇక శనివారం క్లాసు కూడా మానిపించేస్తాడని నాకు ఒకటే భయం.

మళ్లీ కొళాయి వచ్చిన పొద్దున నాన్న అన్నయ్య దుప్పటి లాగాడు. "లేరా. ఈసారి నువ్వు పట్టు, మళ్లీసారి నేను పడతా. దానికి బస్సు టైమైంది." అన్నయ్య గొణుగుడు వీధి చివరిదాకా వినిపించింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! పరీక్ష రాశాను, పాసయ్యాను. ఇప్పుడు హాడోలో ఓడల టికెట్ల ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. అత్త మోకాళ్లు మొరాయించినప్పటి నుంచీ శనివారం క్లాసు నేనే చూస్తున్నాను.

సమాధి దగ్గర జోరున వాన. కుటుంబం తరఫున ఒకరు మాట్లాడాలన్నారు పాస్టరు గారు. మావాళ్లలో ఆ మాట ఎప్పుడూ ఇంటి మగవాడిదే. అందరూ నాన్న వైపు చూశారు. నాన్న ముందుకొచ్చి, "మా అక్క" అని ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పమ్మా. నీకే బాగా తెలుసు."

చెప్పాను. బండి పాట విన్న గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇప్పుడు మీకు చెప్పినవన్నీ చెప్పాను. నేను మాట్లాడినంతసేపూ నాన్న పక్కనే నిలబడి, గొడుగు మొత్తం నా మీదకే వంచి పట్టుకున్నాడు. ఆయన తెల్లచొక్కా తడిసి, మోచేతి మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.