పద్మజగారి ఖాళీ మెషిన్

కొత్త కంప్యూటర్ పెట్టె విప్పితే వచ్చే థర్మోకోల్ వాసన ఈ ఉదయం ఆఫీసులో ముక్కుకు తగిలింది. వెంటనే పద్మజగారు గుర్తొచ్చారు. ప్రేమతో అని రాస్తే అబద్ధమవుతుంది. ఆవిడంటే నాకు కుళ్ళు.

అప్పట్లో లండన్ దగ్గర క్రోయిడన్‌లో ఒక చిన్న కంపెనీకి మ్యాపులు గీసే ప్రోగ్రాం రాసేవాణ్ణి. అందుకు బయటివాళ్ళు ముందే రాసిపెట్టిన కోడు, లైబ్రరీ అంటారు, ఒకటి కావాలి. అది నా మెషిన్‌లో నా సొంత ఫోల్డర్‌లో ఉండేది. ప్రోగ్రాంలో ఆ చోటే రాసిపడేశాను. దాంతో నా మెషిన్ మీద తప్ప ఎక్కడా బిల్డ్ అయ్యేది కాదు, అంటే నడిచే ప్రోగ్రాంగా తయారయ్యేది కాదు. ఎవరికి ఏ మార్పు కావాలన్నా నా కుర్చీ దగ్గరికే రావాలి. సరిచేయడం చేతకాక కాదు. నా కాంట్రాక్టు, దానితోపాటు వర్క్ పర్మిట్, ఆ ఫోల్డర్ మీదే నిలబడ్డాయని నా నమ్మకం.

అనంతపురం నుంచి వచ్చిన పద్మజగారు నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. మా కంపెనీలో చేరిన వారానికే నా వెనక నిలబడి, "నీ మెషిన్లో ఉంటాది, సరేప్పా. లేనోళ్ళ సంగతేంది?" అన్నారు. పదిహేను రోజుల్లో, ఏ మెషిన్ మీదైనా బిల్డ్ చేసిపెట్టే చిన్న స్క్రిప్టు రాసిచ్చారు. విండోస్ అయినా, లినక్స్ అయినా లైబ్రరీ ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. పరీక్షించడానికి తన మెషిన్ని నమ్మేవారు కాదు. అప్పుడే పెట్టెలోంచి తీసిన, ఏమీ ఎక్కించని మెషిన్ కావాలని పట్టుబట్టేవారు. అందరూ మెచ్చుకున్నారు. నా కుర్చీ దగ్గరికి రావడం మానేశారు.

కొన్నాళ్ళకు ఆవిడ మాంచెస్టర్‌లో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు. నా కాంట్రాక్టు ముగియడానికి రెండు వారాలున్నాయనగా, మిల్టన్ కీన్స్‌లో క్లయింటు కంప్యూటర్ మీద ప్రోగ్రాం బిల్డ్ చేసి చూపించే పని నా మీద పడింది. కారులో ఒక్కో రౌండబౌట్ దాటుతూ ఆవిడ స్క్రిప్టు మధ్యలో ఆగిపోవాలనే కోరుకున్నాను. నా కొంప మునిగినా సరే, ఆవిడ పేరు చెడాలి. అంత గొప్ప బుద్ధి నాది.

నిజంగానే ఆగింది. లోలోపల సంబరపడ్డాను. తీరా చూస్తే తెర మీద ఆవిడ స్క్రిప్టు చూపించిన రెండు వాక్యాలు: ఏది లేదో, దాన్ని ఎలా ఎక్కించాలో. చెప్పినట్టు చేశాను. బిల్డ్ అయింది. క్లయింటు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. ఆవిడ పేరు నేను ఎత్తలేదు.

ఆ వారం క్లయింటు దగ్గరి పని సంగతి విని ఆవిడే ఫోన్ చేసి, "ఏమన్నా ఇబ్బంది పడితివా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే నాతో పనే లేదులే," అని సంతోషంగా నవ్వారు. తనతో పని లేకపోతే అంత సంతోషించే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నేనూ ఖాళీ మెషిన్ మీదే పరీక్షిస్తాను. ఈ ఉదయం ఆ కొత్త కంప్యూటర్ మీద పెట్టిన బిల్డ్ మధ్యలో ఆగిపోయింది. ఏం లేదో, ఏం చేయాలో నా స్క్రిప్టు ఒక్క ముక్క చెప్పలేదు. టీములో వాళ్ళంతా లేచి నా కుర్చీ దగ్గరికి వచ్చారు.